తొమ్మిదో గేటు తుపాకీ

కార్తీక బహుళ పంచమి

సముద్రం పోటు మధ్యాహ్నం ఒంటిగంటకు. పొద్దున మంచు ఉప్పగా ఉంది, పెదవులు పగిలాయి. ఇవాళ చేసినవి: కంప్రెసర్ గొట్టానికి అతుకు వేశాను. పూత డబ్బాలు చూశాను, నిండువి రెండు, సగానిది ఒకటి. మా ఆవిడ అనసూయకు గరిటె కాడ బిగించాను.

మూడింటికి పరంజ్యోతి వచ్చాడు. కరకట్ట మీద తొమ్మిదో గేటు కాపలా అతనిది. తుపాకీని చంటిపిల్లలా రెండు చేతుల మీదా పెట్టుకొచ్చి నా బల్ల మీద పడుకోబెట్టాడు.

"బాబాయ్, దీనికి ఒంట్లో బాలేదు. పొలుసులు రాలుస్తంది. చేపలకి చుట్టమయిందేమో చూడు."

బోల్టు లాగి చూశాను. లోపల బూడిదరంగు పెచ్చులు ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నేను వేసిన పూతే. గోటితో గీస్తే ఉల్లిపొరలా లేచి వచ్చింది.

"పేల్చి చూశావా?"

"తాటిదుంగ మీద మూడు కొట్టా. రెండు పేలినయ్. మూడోదానికి బోల్టు పట్టేసింది. అదే అసలు దుంగయితే ఈపాటికి మీ అందరికీ నా పెద్దకర్మ భోజనం."

కట్ట మీద మొసలిని పేరు పెట్టి పిలవరు. దుంగ అంటారు. నీళ్ళలో అలాగే కనిపిస్తుంది.

"నూనె ఎక్కువ పోసి ఉంటావు. ఉంచి వెళ్ళు" అన్నాను.

"నూనె మా ఇంట్లో కూరకే లేదు, దీనికెక్కడ పోసేది!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను నూనె పోయలేదని నాకు తెలుసు. పెచ్చులు తుడిచి, సాయంత్రం తిరిగి ఇచ్చేశాను.

షష్ఠి

నూనె సీసా ఒకటి పట్టుకుని పన్నెండు గేట్లూ తిరిగాను. తుపాకులకు నూనె వేస్తానని చెప్పి ప్రతిదాని బోల్టూ తీసి చూశాను. తొమ్మిదింటిలో పూత లేస్తోంది. రెండు, ఏడు, పదకొండో గేట్లవి మాత్రం రాయిలా ఉన్నాయి. కారణం తెలియలేదు.

నాలుగో గేటు దగ్గర మా జలజ ఉంది.

"ఎప్పుడూ లేంది గేటు దాకా వచ్చావేంటి నాన్నా?"

"కాళ్ళు లాగుతున్నాయి. నడుద్దామని."

"కాళ్ళు లాగితే కూచుంటారుగానీ నడుస్తారా ఎవరన్నా?"

దాని తుపాకీలోనూ అదే. పెచ్చులు అది చూడకుండా అరచేతిలోకి తుడుచుకుని జేబులో వేసుకున్నాను.

ఈ కట్టకు పన్నెండు గేట్లు, గేటుకొక తుపాకీ. ఇంకొకటి లేదు. అమావాస్య పోటుకు షట్టరు దించాలంటే అరగంట చక్రం తిప్పాలి. ఒకరు తిప్పుతుంటే ఒకరు తుపాకీతో నిలబడతారు. చక్రం చప్పుడుకు దుంగలు కట్ట ఎక్కుతాయి. షట్టరు పడకపోతే ఉప్పునీళ్ళు లోపలి చేలల్లోకి, మంచినీళ్ళ గుంటలోకి వస్తాయి. అప్పుడిక ఎటూ పోవడానికి లేదు.

అమావాస్యకు తొమ్మిది రోజులుంది. ఎవరికీ చెప్పలేదు.

సప్తమి

పూత డబ్బాలతోపాటు దొరికిన కాగితాలు నాలుగు పేజీలవి. నా దగ్గర ఉన్నవి రెండో పేజీ, నాలుగో పేజీ. మిగతాది నేను చేసి చేసి తెలుసుకున్నదే. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు. చేస్తున్నాడు కాబట్టి వచ్చనుకున్నారు.

నేను చేసే పద్ధతి ఇది. తుపాకీ విప్పుతాను. స్పిరిటుతో కడుగుతాను. ఇనుములో ఇంకిన పాత నూనె చెమటలా బయటికి వచ్చేదాకా చేపలు వేడికి ఎండబెట్టే భట్టీలో వేడి చేస్తాను. గాలితో ఇసుక కొట్టి గరుకు చేస్తాను. మళ్ళీ భట్టీలో గోరువెచ్చన చేసి, తీగకు వేలాడదీసి పూత చల్లుతాను. ఆ తర్వాత రెండు గంటలు భట్టీలోనే కాలుస్తాను. కట్ట మీద అంత సమంగా వేడి నిలిచే చోటు మరొకటి లేదు.

గట్టిపరిచే మందు తక్కువైందేమో అనుకున్నాను. మూడు రేకు ముక్కల మీద మూడు పాళ్ళలో కలిపి చల్లి, భట్టీలో కాల్చి పెట్టాను.

అష్టమి

మూడూ లేచిపోయాయి.

గాలిలో తేమ వస్తోందేమోనని కంప్రెసర్ వడపోత మార్చాను. మరో మూడు ముక్కలు చేశాను. సాయంత్రానికి అవీ లేచిపోయాయి.

"అన్నం తినకుండా ఆ రేకుముక్కలు గీకుతావేంటి?" అంది అనసూయ.

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావో చెప్పకూడదా?"

చెప్పలేదు.

నవమి

పొద్దున పాత పుస్తకాలు తీశాను. ఏ తుపాకీ ఏ రోజు చేశానో అన్నీ రాసే ఉన్నాయి. రెండు, ఏడు, పదకొండో గేట్లవి వైశాఖంలో చేశాను. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఎవరూ వల వేయరు. భట్టీలో చేప ఉండదు. మిగతా తొమ్మిదీ వేట సాగే రోజుల్లో చేసినవి. భట్టీలో పైన సావడాయి, కానాగంత చేపలు వేలాడుతుంటే కింద పళ్ళెంలో నేను తుపాకీ పెట్టాను.

చేపనూనె ఆవిరై ఇనుము మీద కూర్చుంది. కడిగి, వేడి చేసి, ఇసుక కొట్టి శుభ్రం చేసినదాన్ని తీసుకెళ్ళి మళ్ళీ నూనెలోనే ముంచాను. కంటికి కనపడదు. ముక్కుకూ తెలియదు, ఇక్కడ మా బట్టలూ బియ్యమూ అన్నీ అదే వాసన. రెండేళ్ళుగా రోజూ ఆ భట్టీ తలుపు తీస్తూ నాకు తట్టలేదు.

అనసూయ అడిగి ఒక కొత్తకుండ తీసుకున్నాను. పొయ్యి మీద బోర్లించి, దాని కింద ఒక రేకుముక్క వేడి చేసి, పూత చల్లి, అక్కడే కాల్చాను. గోటికి రాలేదు. కత్తికీ రాలేదు. సుత్తితో కొడితే రేకు వంగింది, పూత వంగినచోట కూడా అలాగే ఉంది.

సంతోషించాల్సింది. బాగు చెయ్యాల్సినవి తొమ్మిది. అమావాస్య ఇంకా ఆరు రోజులు.

దశమి

సువార్తమ్మక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. పన్నెండు గేట్ల పెత్తనం ఆమెది. రెండో గేటు మెట్ల మీద కూర్చుని పుల్లతో పళ్ళు తోముకుంటోంది. అంతా వింది. పుల్ల పారేసింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"పంచమి నుంచి."

"ఇయ్యాల దశమి. అయిదు రోజులు గుటుక్కున మింగి కూచున్నావ్. చెప్తే కొడతాననుకున్నావా?"

"కారణం తెలిశాక చెబుదామని."

"కారణం దుంగలకి చెప్పు, ఇని ఎనక్కిపోతయ్." కాసేపు నీళ్ళవైపు చూసింది. "ఆ పాడు పూత గీకేసి వట్టి తుపాకులే ఇస్తే?"

"ఈ గాలికి వట్టి ఇనుము రెండు పోట్లు ఆగుతుంది. మూడోదానికి బోల్టు కదలదు. మనకు అమావాస్య నుంచి విదియ దాకా కావాలి."

"రోజుకెన్ని చెయ్యగలవ్?"

"మన వంతు కరెంటు నాలుగు గంటలు. ఇసుక కొట్టడానికి రెండు తుపాకులకు సరిపోతుంది. కాల్చడానికి వేరే చోటు చూసుకోవాలి, ఒక రోజు పడుతుంది."

ఆమె వేళ్ళు మడిచింది. "ఏకాశి, ద్వాశి, త్రయోశి, చతుర్దశి. ఎనిమిది. ఒకటి మిగులుద్ది." సుద్దముక్క తీసుకుని మా ఇంటిదాకా నాతోనే వచ్చి గోడ మీద వరస రాసింది. ఏ గేటు పల్లంలో ఉంటే అది ముందు. ఒకటి, పన్నెండు, మూడు, పది, ఐదు, ఎనిమిది, ఆరు, తొమ్మిది. అన్నిటికీ కింద నాలుగు.

"నాలుగో గేటు మెరక. ఆ గేటుకి బల్లేలతో ఇద్దర్ని ఎక్కువ పెడతా. నీ కూతురనేం కాదు, లెక్క అంతే. ఏమంటావ్?"

"సరే" అన్నాను.

ఇంట్లో కాల్చడానికి పనికొచ్చే ఇనపపెట్టె ఒక్కటే ఉంది, అనసూయ బీరువా. అడిగాను. ఆమె చీరలు తీసి దండెం మీద వేసింది. తర్వాత లోపలికి తొంగిచూసింది.

"దీనికి లోపలంతా రంగుంది. అది కాలితే ఆ కంపు తుపాకీలకి పట్టదా? ముందు వట్టి బీరువా కాల్చు."

నాకు తట్టని మాట అది. పెరట్లో ఇటుకల మీద నిలబెట్టి, కింద సరుగుడు బొగ్గులు పోసి సాయంత్రం దాకా కాల్చాం. రంగంతా పొక్కి రాలింది. లోపల ఇనుము నీలంగా తేలింది. తలుపు అద్దం పగిలిపోయింది.

ఏకాదశి

రెండు అయ్యాయి. ఒకటో గేటుది, పన్నెండో గేటుది. కత్తితో గీశాను, లేవలేదు.

ద్వాదశి

రెండు. మూడు, పది. జలజ వచ్చి బొగ్గులు విసిరింది. గోడ మీద వరస చూసి, "చివరికి నన్నే వేశారా? సువార్తమ్మత్తకి నేనంటే ఎంత ప్రేమో" అంది.

"మెరక గేటు. బల్లేలవాళ్ళు ఉంటారు."

"తెలుసులే. నీ మొహం చూసి అన్నా." నా మొహం ఎలా ఉందో అడగలేదు.

త్రయోదశి

రెండు. ఐదు, ఎనిమిది. పొద్దున రెండో గేటు దగ్గర దుంగలు కనిపించాయట. సువార్తమ్మక్క లెక్కపెడితే పదకొండు వచ్చాయి. పోయినేడు ఈ అమావాస్యకు ఏడే.

చతుర్దశి

పోటు పొద్దున ఎనిమిదిన్నరకు. పన్నెండు గంటలకల్లా ఆరో గేటుది ఇసుక కొట్టి పూత చల్లి బీరువాలో పెట్టాను. కరెంటు ఇంకా రెండు గంటలుంది. బల్ల మీద రెండు తుపాకులు మిగిలాయి. ఒకదాని కర్రపిడి మీద తొమ్మిది అంకె, ఇంకోదాని మీద నాలుగు.

నాలుగోది విప్పాను.

పోయిన మూడు అమావాస్యల్లో తొమ్మిదో గేటు దగ్గరికి ఒక్క దుంగా రాలేదు. నాలుగో గేటు దగ్గరికి రెండు వచ్చాయి. ఇది నిజమే. కానీ ఇది నాకు గుర్తొచ్చింది నాలుగోది విప్పిన తర్వాత. ముందు కాదు.

తొమ్మిదోదాన్ని పెచ్చులు పోయేలా తుడిచి, పైన గొట్టానికి మాత్రం పలచగా పూత చల్లి, మిగతావాటితోపాటు కాల్చాను. చూడటానికి అన్నీ ఒకలాగే ఉన్నాయి.

నాలుగింటికి సువార్తమ్మక్క వచ్చింది. "ఎనిమిదీ అయినయ్యా? నాలుగో గేటుకి బల్లేలోళ్ళని పంపనా?"

తొమ్మిదోది మిగిలిందంటే ఎందుకు మిగిలిందని అడుగుతుంది.

"అక్కర్లేదు. తొమ్మిదీ అయిపోయాయి" అన్నాను.

"కరెంటు సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆమె నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. "తిన్న అయిదు రోజులూ కక్కేశావయ్యా! నేను తిట్టింది మనసులో పెట్టుకోమాక." బల్లేలవాళ్ళను ఒకటో గేటుకు పంపేసింది.

పొద్దుగూకకముందే ఎవరి తుపాకీ వాళ్ళు పట్టుకెళ్ళారు. పరంజ్యోతి తనది ఎత్తి ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెళ్ళికొడుకులా ఉంది బాబాయ్. దీనికి సంబంధం చూడాల."

"రెండు గుండ్లకొకసారి బోల్టు తుడుచుకో" అన్నాను.

"మళ్ళీ తుడిచేదేంటి? కొత్తదేగా!"

"అలవాటుగా."

"అట్నే" అన్నాడు. ఇంకా గుచ్చి అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. వాళ్ళ ఆవిడ ఎస్తేరు చేపలపులుసు పంపిందని గిన్నె ఇచ్చి వెళ్ళాడు.

అమావాస్య

పోటు పొద్దున తొమ్మిదింటికి. మబ్బు, ఎదురుగాలి. ఇది మధ్యాహ్నం నాలుగు దాటాక రాస్తున్నాను.

పన్నెండు షట్టర్లూ పడ్డాయి. నీళ్ళు లోపలికి రాలేదు.

నాలుగో గేటు దగ్గరికి ఏదీ రాలేదు. జలజ ఒక్క గుండు కూడా పేల్చలేదు.

తొమ్మిదో గేటు దగ్గరికి మూడు వచ్చాయి. చక్రం తిప్పింది సైదులు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మొదటి గుండుకు ఒకటి వెనక్కి తిరిగింది. రెండో గుండు ఇంకోదాని తలకు తగిలింది. మూడోదానికి బోల్టు వెనక్కి రాలేదు. పరంజ్యోతి తుపాకీ కర్రను నేలకేసి రెండుసార్లు కొట్టాడు. సైదులు చక్రం వదిలి రాబోతే "ఒదలమాక, తిప్పు, తిప్పు" అని అరిచాడు. తుపాకీని తిరగేసి కర్రతో దుంగ మూతి మీద కొట్టాడు. సైదులుకు ఇంకా ఆరు చుట్లు ఉన్నాయి. తిప్పాడు. షట్టరు కూర్చున్నాక తిరిగి చూస్తే కట్ట మీద తుపాకీ ఒక్కటే ఉంది.

పోటు తగ్గాక పడవల్లో వెతికారు. దొరకలేదు.

మూడింటికి ఎస్తేరు వచ్చింది. ఒంటరిగా వచ్చింది. చీర మోకాళ్ళదాకా బురద. తుపాకీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అనసూయ లేచి దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవటానికి రాలా అత్తయ్యా. రేపు పాడ్యమి. పోటు ఇయ్యాల్టికంటే జానెడు ఎక్కువంట. సైదులు తిప్పుతానన్నాడు. ఆ గేటు కాడ నేను నిలబడాల." నా వైపు తిరిగింది. "మావయ్యా, ఇది మళ్ళీ పట్టేసింది. ఎందుకో చూసి రేపు పొద్దున్నకల్లా ఇయ్యి. నీ పూతలో తప్పుండదని ఆయన ఎప్పుడూ అనేవోడు. ఇసకేమన్నా దూరిందేమో."

అవునంటే సరిపోయేది. ఇసుకే అనుకుని వెళ్ళిపోయేది.

"ఇసుక కాదు" అన్నాను. "దీనికి కొత్త పూత వేయలేదు. వరసలో ఇదే ముందు. నేను నాలుగోది చేశాను. దీన్ని పైపైన తుడిచి ఇచ్చాను. అతనికి చెప్పలేదు. సువార్తమ్మక్కకు అన్నీ అయ్యాయని అబద్ధం చెప్పాను."

అనసూయ గడపలో కూలబడింది. పెరట్లో తుపాకీ తుడుచుకుంటున్న జలజ లోపలికొచ్చి నిలబడింది.

ఎస్తేరు నన్ను చూడలేదు. జలజను చూసింది. "నీకు తెలుసా?"

"తెలీదు వదినా. ఒట్టు. తెలీదు."

తర్వాత ఎస్తేరు గోడ మీద సుద్దవరస దగ్గరికి వెళ్ళింది. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. తొమ్మిది మీద వేలు పెట్టి, దాని కింద నాలుగు మీదికి దించింది.

"సరే, నీ కూతురు. నేనయినా అదే చేద్దునేమో." గొంతు మామూలుగానే ఉంది. "చేత్తో గీకితే ఈ పూత పోదా?"

"పోతుంది."

"ఎంతసేపు పడుద్ది?"

"ఇద్దరు కూర్చుంటే నాలుగైదు గంటలు."

"వట్టి ఇనుమయినా ఒక పోటు ఆగుద్దిగా?"

"రెండు ఆగుతుంది."

"మరి నిన్న మాకు చెప్తే ఆయనా నేనూ కూచుని గీక్కునేవాళ్ళంగా మావయ్యా. సాయంత్రమంతా ఖాళీగానే ఉన్నాం. నీకు పులుసు కాచి పంపిచ్చా." అప్పుడు నా వైపు చూసింది. "ఎందుకు చెప్పలా?"

"చెబితే తెలిసిపోయేది."

"ఏం తెలిసిపోయేది?"

నేను గోడ మీది నాలుగు అంకె వైపు చూశాను.

జలజ తన తుపాకీ తెచ్చి ఎస్తేరు ముందు పెట్టింది. "ఇది తీసుకెళ్ళు వదినా. నాలుగో గేటుకి నేను అది పట్టుకెళ్తా."

"నీది నువ్వుంచుకో. నాకు ఆయనదే కావాల." ఎస్తేరు కొంగు నడుముకు దోపుకుని కింద కూర్చుంది. "ఇసకెక్కడుంది?"

జలజ ఇసుకబుట్ట తెచ్చి ఎదురుగా కూర్చుంది. అనసూయ దండెం మీది చీర ఒకటి లాగి, చింపి, పీలికలు తడిపి ఇచ్చింది. ఎలా విప్పాలో జలజకు తెలుసు, చిన్నప్పటి నుంచి చూసింది. బోల్టు ఎస్తేరుకు ఇచ్చి, లోపలి గాడి తను తీసుకుంది.

గాడి మూల దగ్గర సన్నటి పుల్ల పెట్టాలి, లేకపోతే పెచ్చు అక్కడే ఉండిపోతుంది. ఆ మాట చెప్పి, పుల్ల తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోబోయాను. ఎస్తేరు నా చేతిలోంచి పుల్ల తీసుకుంది. తుపాకీని తన వైపుకు జరుపుకుంది.

గంట అయింది. ముగ్గురూ గీకుతున్నారు. బోల్టు సగం తెల్లబడింది. ఇప్పటిదాకా నాకు చెయ్యడానికి ఏమీ ఇవ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను.